నాయనమ్మ మీద నడిచే పిండిమర

పొద్దున ఎండ మేడ మీదికి రాగానే నాయనమ్మ కూడా మేడ ఎక్కేది. మెట్టుకోసారి మోకాళ్లను తిట్టుకుంటూ పైకి చేరి, సోలార్ పలకలను నిలబెట్టిన ఇనప కాళ్లలో ఒకదానికి వీపు ఆనించి, కాళ్లు బారజాపుకుని కూర్చునేది. పక్కన కాచి చల్లార్చిన నీళ్ల చెంబు. వేరే నీళ్లు తాగితే ఆవిడకి లోపల తెల్లగా పేరుకుపోతుందని అందరికీ తెలుసు గనక ఆ చెంబు జోలికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదు.

కింద ఆవిడ కొడుకు పిండిమర. ఎండ గట్టిగా ఉన్నంతసేపూ మర పలకల మీదే నడిచేది, మిగిలిన కరెంటు నాయనమ్మలోకి చేరేది. ఎండ వాలాక మర నాయనమ్మ మీద నడిచేది. ఒకప్పుడు ఈ పనికి బ్యాటరీలు ఉండేవి. అవి ఉబ్బి, కారి, చచ్చిపోయిన రోజున ఆ మూల తుడుద్దామని నాయనమ్మ తీగ పక్కకి జరిపితే కొట్లో దీపం వెలిగింది. కొడుకు ఆ తీగ చివర ఒక రాగి కడియం బిగించి ఇచ్చాడు. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

వచ్చేపోయేవాళ్లూ అలవాటు పడ్డారు. సాయంత్రం గోధుమల సంచీతో వచ్చి గుమ్మంలోంచే, "ఏమయ్యా, మీ అమ్మ నిండిందా?" అని అడిగేవాళ్లు. మబ్బు పట్టిన రోజున "ఇవాళ అమ్మకి సగమే" అంటే మారు మాట్లాడకుండా వెనక్కి మళ్లేవాళ్లు. మొహమాటం లేనివాళ్లు మాత్రం పోతూ పోతూ తమ ఫోను ఆవిడ ఒళ్లో పెట్టి, "కాస్త ఎక్కనివ్వు పిన్నీ, రేపొచ్చి తీసుకుంటా" అనేవాళ్లు.

సాయంత్రాలు నాయనమ్మ స్టార్టరు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, కడియం తొడుక్కుని, కబుర్లు మొదలుపెట్టేది. మర గరగరలను మించి గొంతు పెంచి చెప్పేది. నిజం చెప్పాలంటే సగంమంది పిండి కోసం కాదు, ఆ కబుర్ల కోసమే వచ్చేవాళ్లు. ఆవిడ బతుకంతా ఆ మాటల్లోనే ఉండేది.

ఈ మధ్య ఆ మాటలు తెగిపోవడం మొదలైంది. కొడుకు స్టార్టరు నొక్కగానే కొట్లో బల్బు మసకబారేది. నాయనమ్మ ముఖమూ మసకబారేది. వేళ్లు చల్లబడేవి. నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉండిపోయేది. "ఒరేయ్..." అని కొడుకు వంక చూసి, వాడి పేరు కోసం వెతుక్కునేది.

కొడుకు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. ఒకరి గింజలు అయిపోగానే టక్కున మర ఆపేసేవాడు. తరవాతి మనిషి సంచీ మూతి విప్పి, తొట్టిలో పోసి, సర్దుకునే ఆ కాస్త సేపు కూడా అమ్మ ఊరికే ఖర్చవకూడదని వాడి తాపత్రయం. పోయడం అవగానే మళ్లీ నొక్కేవాడు. అలా సాయంత్రమంతా ఆపడం, నొక్కడం, ఆపడం, నొక్కడం.

ఒకనాడు వాడి అక్క వచ్చింది. ఊళ్లో ఎవరి సోలార్ పలకలు మొరాయించినా బాగుచేసేది ఆవిడే. మెడలో గొలుసు ఉంటుందో ఉండదో గానీ మీటరు మాత్రం ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. తల్లి రెండు బొటనవేళ్లకూ మీటరు సూదులు ఆనించి చూసింది. మరోసారి చూసింది. తమ్ముడిని బయటికి పిలిచింది.

"అమ్మ తరిగిపోతోందిరా. ఇలాగే సాగితే వచ్చే వానల దాకా ఉండదు."

"నేను ఎంత పొదుపుగా నడుపుతున్నానో తెలుసా అక్కా? ఒక్క క్షణం కూడా వృథాగా తిప్పను."

"అదేరా నేననేది. అమ్మని తినేస్తోంది మర నడవడం కాదు, కదలడం. ఆగి ఉన్న మోటారు లేచేటప్పుడు ఒక్క గుంజు గుంజుతుంది చూడు, అది నడకకి ఎన్నో రెట్లు. నువ్వు ఆపినప్పుడల్లా మళ్లీ గుంజాలి."

"అయితే ఆపకుండా తిప్పుతా."

"ఖాళీగా తిరిగినా ఖర్చేగా! దీపాలు పెట్టే వేళకే వట్టిపోతుంది."

"కొత్త బ్యాటరీలు పెడితే?"

"పాతవి పోయింది దేనికనుకున్నావ్? ఈ గుంజుకే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది వాడి పని. మర మూసేస్తానన్నాడు. లోపల్నించి నాయనమ్మ వినేసింది. చెవులకేం, అవి బాగానే ఉన్నాయి. "మూసెయ్. మూసేసి ఆ పాత బ్యాటరీల పక్కన నన్నూ పడెయ్" అంది. ఆ తరవాత ఆ మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ ఇంట్లో లెక్కలోకి రాని మనిషి ఇంకొకతె ఉంది, మర యజమాని కూతురు. చదువు మానేసి ఇంటిపట్టున ఉంటోంది. తల్లి ఆమెను చిల్లుకుండ అనేది, అది చూసి ఊరంతా అనేది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి ఉండేది కాదు. బట్టల కొట్లో పనికి కుదిరి, అన్నానికని ఇంటికొచ్చి, తిరిగి వెళ్లడం మరిచిపోయింది. కోపం వస్తే తాటాకు మంటే. కంచం విసిరికొట్టి, ఆ చప్పుడు ఆగకముందే అదే కంచం కడిగి తెచ్చుకుని, "ఇంకాస్త వెయ్యమ్మా" అనేది. నవ్వూ అంతే, ఏడుపూ అంతే.

నాయనమ్మ గుణం మనవరాలికి దిగి ఉంటుందేమోనని మేనత్తకి ఆశ పుట్టింది. పిల్లను మేడ మీదికి తీసుకెళ్లి పలకల కాలికి ఆనించి కూర్చోబెట్టింది. సరిగ్గా కూర్చోకముందే ఆ పిల్ల లేచిపోయింది.

"నిండిపోయా అత్తా."

"అప్పుడే ఏం నిండుతావే? మీ నాయనమ్మకి పూటంతా పడుతుంది."

మీటరు పెట్టి చూస్తే నిజంగానే నిండింది. అందరూ ఆనందంగా కిందికి పరుగెత్తి కడియం తొడిగారు. బల్బు నడినెత్తి సూర్యుడిలా ఒక్కసారి భగ్గుమని, టప్పున పేలింది. అంతే. మళ్లీ మీటరు పెడితే సున్నా.

"ఎండని కూడా నిలుపుకోలేవా తల్లీ!" అంది వాళ్లమ్మ గాజు పెంకులు ఊడుస్తూ.

పిల్ల పెరట్లోకి వెళ్లి ఏడ్చింది. మామూలుగా అయితే ముక్కు చీదేలోపు ఆ ఏడుపు పోవాలి. ఆ రోజు పోలేదు.

తరవాత ఎండ బాగా కాసిన ఒక సాయంత్రం కొట్టు కిటకిటలాడుతోంది. మేనత్త కూడా తన సంచీతో వచ్చి వరసలో నిలబడింది. నాయనమ్మ తన చిన్ననాటి మేక కథ ఎత్తుకుంది. ఆ మేక ఇంటి తాళంచెవి మింగేసింది. ఇంటిల్లిపాదీ వీధిలో, ఇంటికి తాళం, తాళంచెవి మేక కడుపులో.

"అప్పుడు మా నాన్న ఏం చేశాడూ..." అనేసరికి ఒకరి గింజలు అయిపోయాయి. కొడుకు మర ఆపాడు. తొట్టి నింపాడు. నొక్కాడు. మర మూలిగి, లాగి లాగి లేచింది. బల్బు కుంగింది. నాయనమ్మ నోరు తెరిచే ఉంది, మాట లేదు. వరసలో ఉన్నవాళ్లు సంచీల ముడుల వంక చూస్తూ నిలబడ్డారు. ఎంతకీ ఆవిడ కళ్లలోకి వెలుగు రాలేదు. ఆ గింజలూ అయిపోయాయి. కొడుకు మళ్లీ ఆపాడు, మళ్లీ నింపాడు. "నాన్న..." అంది నాయనమ్మ ఎలాగో, సన్నగా.

పెరట్లో వాలిపోతున్న ఎండలో బట్టలు తీస్తున్న పిల్ల గుమ్మంలోకి వచ్చి అది చూసింది. తాటాకు అంటుకుంది.

"ఆపు నాన్నా! చంపేస్తావా ఏంటి నాయనమ్మని?"

దుప్పటి కింద పడేసి ఒక్క అంగలో వచ్చి, పీట మీంచి లాగేద్దామని ముసలావిడ రెండో చెయ్యి పట్టుకుంది. అప్పటికే తండ్రి వేలు మీట నొక్కేసింది.

మర ఒక్క ఊపున లేచింది. మూలగలేదు. బల్బు రెప్ప వెయ్యలేదు.

"మా నాన్న ఏం చేశాడంటే," అంది నాయనమ్మ, "మేకని తీసుకెళ్లి తాళం ముందు కట్టేసి, 'మింగిందానివి నువ్వే, తెరిచే పూచీ కూడా నీదే' అన్నాడు!"

కొట్టంతా ఘొల్లుమంది. అందరికీ మేక సంగతే కావాలి గానీ బల్బు ఎవడిక్కావాలి? మేనత్త ఒక్కతే నవ్వలేదు. బల్బు వంక చూసింది, ఆ కలిసిన చేతుల వంక చూసింది.

"తమ్ముడూ, ఆపరా."

"ఆపొద్దన్నావుగా?"

"ఆపమంటుంటే! నువ్వు చెయ్యి వదలకే పిల్లా."

ఆపాడు. మేనత్త మేనకోడలి బొటనవేళ్లకి మీటరు పెట్టింది. అడుగంటి ఉంది. చూస్తుండగానే నాయనమ్మ చేతిలోంచి మెల్లగా, తొందర లేకుండా నిండుతోంది. నాలుగు ఊపిర్లు తీసేలోపు నిండిపోయింది. "ఇప్పుడు నొక్కు." మర మళ్లీ ఒక్క ఊపున లేచింది. నాయనమ్మ ఏమీ ఎరగనట్టు మేక కథలో తరవాతి ఘట్టానికి వెళ్లిపోయింది.

"మనం ఎంత మొద్దులంరా," అంది మేనత్త. "దీన్ని దీపానికి తగిలించి నిలవలేదని తిట్టాం. బస్తా నెత్తికెత్తే మనిషి వేరు, మోసుకుపోయే మనిషి వేరు. ఇన్నాళ్లూ అమ్మ చేత రెండూ చేయించాం."

చివరి సంచీ వెళ్లిపోయాక కొడుకు తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఒంటి నిండా పిండి, ముఖం మీద మాత్రం రెండు చారలు తడిసి ఉన్నాయి.

"నీకోసమే ఆపుతున్నాననుకున్నా అమ్మా. ఆపినప్పుడల్లా నీ ప్రాణం లాగేశాను."

"నాకు తెలీదనుకున్నావురా?"

"తెలిసీ చెప్పలేదేం?"

"చెబితే మూసేసేవాడివి. మూసేస్తే నా ముందు కూర్చుని నా మాట వినేదెవరు?" అని ఆవిడ వాడి తలమీది పిండి దులిపింది. ఆ దులపడంలో చెయ్యి వెచ్చగా ఉంది. చాన్నాళ్ల తరవాత వెచ్చగా ఉంది.

పిల్ల ఇంకా రెండో చెయ్యి వదల్లేదు. వదలమని ఎవరూ చెప్పలేదు.

మేనత్త మీటరు మెడలో వేసుకుని లేచింది. "దీన్ని రేపట్నించి పొద్దుటిపూట నాతో పంపండి. ఈ చుట్టుపక్కల సగం మోటార్లు లేవలేక ఏడుస్తున్నాయి. సాయంత్రం మర వేళకి తెచ్చి అప్పగిస్తా."

"దాని సంగతి తెలియనిదానివా వదినా," అంది పిల్ల తల్లి. ఈసారి ఆ గొంతులో తిట్టు లేదు, భయం ఉంది. "అది ఎక్కడా నిలవదు."

"నిలవడానికి ఎవరు రమ్మన్నారు?"

పిల్ల అప్పటికే ఒక కాలికి చెప్పు తొడిగేసింది.

"రేపు అన్నానే," అంది మేనత్త.

"ఓ, రేపా," అని ఆ పిల్ల చెప్పు విడిచి, వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది.