చివరి మ్యాచ్ అక్కాచెల్లెళ్లది

"ఆ కుస్తీ అంతా ముందే రాసుకుని ఆడే నాటకం. దానికి టికెట్ కూడానా" అన్నాడు సుమంత్, బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతున్న భార్య వైశాలితో. సాయంత్రానికి ఇద్దరు స్నేహితులను కుటుంబాలతో సహా పిలిచేశాడు. పిలిచాక చెప్పాడు. నువ్వెలాగూ చేస్తావుగా అన్నాడు, అది మెచ్చుకోలే అనుకున్నాడు పాపం. వెళ్లొద్దని అనేంత చెడ్డవాడు కాదు. అమ్మను కూడా తీసుకెళ్లమన్నాడంతే. సిద్దిపేట నుంచి జర్మనీలో వీళ్ల దగ్గరికి వచ్చిన వెంకటరమణమ్మకు నడుంనొప్పి, ఎక్కువసేపు కూర్చోలేదు. అత్తగారిని గుదిబండలా తగిలిస్తే కోడలు పెందరాళే వచ్చేస్తుందని అతని లెక్క.

బట్టలు మడతపెడుతూ ఒకరోజు ఫోన్లో చూసింది వైశాలి, క్రెమర్ అక్కాచెల్లెళ్ల కుస్తీ. అప్పటినుంచీ పిచ్చి పట్టింది. వారమంతా హానా బేకరీలో, ఫ్రీడా పసిపిల్లల్ని చూసుకునే కిటాలో పనిచేస్తారు. శనివారం రింగు తామే బిగించుకుంటారు, టీషర్టులు తామే అమ్ముకుంటారు, గంట మోగగానే పులులైపోతారు. జట్టులో ఒక్కరే లోపల ఉండాలి. చెయ్యి అందించి తాకితేనే రెండోవాళ్లు రావాలి. హానా వచ్చి ఎత్తి విసిరిందంటే ఇక ఈలలే ఈలలు. కానీ వైశాలి ప్రాణమంతా ఫ్రీడా మీదే. ఎంత బాగా పడుతుందో ఆ పిల్ల! ఆమె పడితేనే అవతలివాళ్లు వీరుల్లా కనిపిస్తారు. ఆ పడటాన్ని ఎవరూ పొగడరు. ఆఫీసులో తను సరిచేసిన కోడును టీమ్ లీడ్ తనదిగా చూపించినప్పుడూ, తన వంట తిని "పార్టీ అదిరింది సుమంత్" అని అతని స్నేహితులు వెళ్లిపోయినప్పుడూ వైశాలికి ఫ్రీడాయే గుర్తొచ్చేది. ముందే రాసుకున్నదే కావచ్చు, వీపు మాత్రం రింగు చెక్కకే తగులుతుంది కదా.

డార్మ్‌స్టాట్‌లోని ఆ చిన్న హాల్లో తీరా కూర్చున్నాక, క్రెమర్ల మ్యాచ్ చివరికి మార్చామని ప్రకటించారు. వైశాలి టైము చూసుకుంది. అంతసేపు ఉంటే బిర్యానీ సంగతి అంతే. లేద్దామా అత్తమ్మా అని అడిగింది. వెంకటరమణమ్మ వినిపించుకోలేదు. మొదట ఆ బట్టలేమిటని మూతి ముడిచిన మనిషి, ఇప్పుడు నడుం సంగతే మరిచి, రిఫరీ చూడనప్పుడు జుట్టు లాగిన పిల్లను సిద్దిపేట తిట్లన్నీ తిడుతోంది.

చివరికి వాళ్లొచ్చారు! రిఫరీ కళ్లుగప్పి అవతలి జట్టువాళ్లిద్దరూ కలిసి ఫ్రీడాను చితక్కొట్టారు. ఆమె మూలకేసి పాకుతోంది. తాళ్లమీంచి ఒంగి హానా చెయ్యి చాపింది. జనం కాళ్లతో నేలను దంచుతున్నారు, వైశాలి గొంతు చించుకుని అరుస్తోంది. అప్పుడే ఫోను.

"బయల్దేరారా? వాళ్లొచ్చే టైమయింది."

"లేదు. మ్యాచ్ అయ్యాకే వస్తా" అంది వైశాలి. గొంతు వణకనందుకు ఆమెకే పట్టరాని సంతోషం వేసింది.

సుమంత్ ఫోను అమ్మకివ్వమన్నాడు. అమ్మ తన పక్షమేనని ధీమా.

వెంకటరమణమ్మ ఫోను చెవికి పెట్టుకుంది. "కోడికూర ఫ్రిజ్జుల ఉన్నది, బియ్యం డబ్బల ఉన్నయి. నువ్వే వండు కొడుకా. మీ నాయినకు, నీకు వండుకుంటనే ముసల్దాన్నయిన. నన్ను గిసోంటి కాడికి ఒక్కలన్న తోల్కపోయిన్రా?"

ఫోను కోడలి ఒళ్లో పడేసింది. ఈలోపు ముందు వరుసలవాళ్లంతా లేచి నిలబడ్డారు. అత్తగారు పొట్టి మనిషి, ఎంత నిక్కినా రింగు కనబడటం లేదు. వైశాలి భుజం పట్టుకుని కుదిపేసింది.

"నాకు కానొస్తలేదు. చెయ్యి అందిందా బిడ్డా?"