గమ్ కింద కొంగ

ఏడు నెలలుగా ఆయన ఆ గదిలో రోజూ దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు. కిటికీ చట్రం, కుర్చీ, రంగుల పెట్టె, బ్రష్షులు నిలబెట్టిన సీసా, అన్నీ తుడిచేవాడు. బల్ల మీద వాలుగా పెట్టిన బోర్డు జోలికి మాత్రం పోయేవాడు కాదు. దాని మీద నాలుగు వైపులా టేపుతో అతికించిన కాగితం ఉంది. కాగితం నిండా ఆకుపచ్చ జమ్ము, బూడిదరంగు నీళ్ళు. మధ్యలో, కొంగ ఉండవలసిన చోట, ఎండిన గమ్ పొర.

ఆయన భార్య పక్షుల బొమ్మలు వేసేది. నీటిరంగుల్లో తెలుపు వెయ్యడమంటూ ఉండదని, తెల్లగా కావలసిన చోట కాగితాన్ని వదిలెయ్యడమేనని పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. అందుకని కొంగ ఆకారమంతా ముందు రబ్బరు గమ్ పూసి, దాని మీదుగా జంకు లేకుండా జమ్మూ నీళ్ళూ వేసేసేది. ఆరాక వేలితో రుద్దితే గమ్ ఊడి, కింద తెల్ల కొంగ బయటపడుతుంది. ముక్కు, కన్ను, కాళ్ళు ఆ తర్వాత. ఆ రోజు పొద్దున కూడా రంగు వేసి, "సాయంత్రానికి ఆరుతుంది, అప్పుడు తీస్తాను" అంది. మధ్యాహ్నం వంటింట్లో కూలబడింది. సాయంత్రానికి లేదు.

వేసిన బొమ్మలన్నీ ఎవరికి నచ్చితే వాళ్ళకి ఇచ్చేసేది. ఇంట్లో మిగిలింది ఈ ఒక్కటే.

ఆయనకు ఏడుపు రాలేదు. అందరూ ఎదురుచూశారు, ఆయనా ఎదురుచూశాడు. పళ్ళ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక చెంప తనది కానట్టు ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉండేది. ఆకలి వేళకు తినేవాడు, నిద్ర వేళకు పడుకునేవాడు. ఎదురింటాయన ఓదార్పు మాటలేవీ ఎత్తకుండా చదరంగం బల్ల పట్టుకొచ్చేవాడు. అదీ ఒక మేలే అనుకునేవాడు.

ఆ ఆదివారం పొద్దున మరదలు వచ్చింది. స్కూల్లో డ్రాయింగ్ టీచరు. యాభై దాటినా ఆ ఇంట్లో అందరికీ చిట్టే. రంగులు వాడకపోతే బిగిసిపోతాయి, మీ స్కూలు పిల్లలకు పట్టుకుపొమ్మని ఆయనే కబురు చేశాడు.

"అంత పెద్ద సంచీ ఎందుకే చిట్టీ, ఇల్లు ఖాళీ చేస్తావా?"

"మిమ్మల్ని కూడా అందులో వేసుకుపోదామని. బొత్తిగా చిక్కిపోయారుగా, పడతారు."

నవ్వుతూ గదిలోకి వెళ్ళి, బోర్డు దగ్గర ఆగిపోయింది.

"బావగారూ, ఈ గమ్ ఇంకా తియ్యలేదా?"

"ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు."

ఆమె వంగి అంచును గోటితో తాకి చూసింది. గమ్ ముదురు పసుపుకు తిరిగింది.

"ఇది పూసిన రెండు రోజుల్లో తీసెయ్యాలి. ఉన్నకొద్దీ కాగితాన్ని పట్టేసుకుంటుంది. ఆలస్యమైతే కాగితంతో సహా లేచొస్తుంది."

"ముట్టుకోకపోతే పాడవదనుకున్నాను."

"ముప్పయ్యేళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పారు. రబ్బరు సంగతి మీకు నేను చెప్పాలా?"

వెక్కిరింపుగా మొదలైన మాట చివరికొచ్చేసరికి సన్నబడింది. ఆయన తలూపాడు. తెలిసిన సంగతే. ఆ తెలివి ఈ గది గుమ్మం దాటి లోపలికి రాలేదు, అంతే.

"ఇలాగే ఉంచేస్తే?"

"ఇంకా నల్లబడుతుంది. కొంగ ఉండదు, మరక ఉంటుంది."

"అయితే తియ్యి."

చిట్టి చేతులు కడుక్కొచ్చింది. సొరుగులోంచి నిమ్మకాయంత గోధుమరంగు ఉండ తీసింది. పాత బొమ్మల మీంచి ఊడిన గమ్‌నంతా ఉండ చేసి దాచేది అక్క. గమ్‌ను పట్టి లేపడానికి గమ్మే మేలట.

"ఇందులో ఎన్ని పక్షుల గమ్ ఉందో" అని, తోక దగ్గర మెల్లగా అద్ది లాగింది.

తోక వచ్చింది. వీపు వచ్చింది. కాస్త పసుపు అంటుకుంది కానీ కాగితం నిలిచింది. రెక్క అంచున సన్నని తెల్లటి ఈకలు ఒక్కొక్కటే బయటపడుతుంటే ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. మెడ సగందాకా వచ్చాక చిట్టి చెయ్యి ఆగింది.

"తల దగ్గర మందంగా పూసింది. నాకు భయంగా ఉంది బావగారూ."

"నాకివ్వు. చిరిగితే నా చేతిలోనే చిరగనీ. నువ్వు జీవితాంతం మొయ్యడం దేనికి?"

ఆయన ఉండ తీసుకుని ఆమె చేసినట్టే అద్దాడు, లాగాడు. మెడ వచ్చింది. తల దగ్గర పట్టు గట్టిగా తగిలింది. ఇంకోసారి అద్దాడు. గమ్ ఊడింది. దానితోపాటు సరిగ్గా కన్ను ఉండవలసిన చోట, పప్పుగింజంత మేర కాగితం పైపొర లేచిపోయి నూగు బయటపడింది.

చిట్టి ఊపిరి బిగబట్టింది. ఆయన తనలో ఏదైనా కదులుతుందేమోనని చూసుకున్నాడు. వేలి కొస జిగటగా ఉంది. అంతే.

"కన్ను వెయ్యొచ్చా అక్కడ?"

"నిలవదు. చుక్క పెడితే అద్దుడు కాగితం మీద సిరాలా పాకిపోతుంది." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆర్నెల్ల కిందటైనా వచ్చి చూడాల్సింది నేను."

"ఉంచింది నేను. నీదేముంది?"

ఇద్దరూ బొమ్మ వంక చూస్తూ నిలబడ్డారు. ఆ కొంగలో ఆయన భార్య వేసిన రంగు ఒక్క చుక్కయినా లేదు. ఆమె వేసిందంతా చుట్టూ ఉంది. జమ్ములో ప్రతి పోచా కొంగ దాకా వచ్చి, ఒళ్ళు తగలకుండా ఆగింది.

"ముక్కు?"

"అది వెయ్యొచ్చు. కాళ్ళూ వెయ్యొచ్చు, అక్కడ కాగితం బాగానే ఉంది. కానీ కన్ను లేకుండా..." చిట్టి ఆగింది. "వద్దులెండి. ఇలాగే ఫ్రేము కట్టిద్దాం. నా చెయ్యి అక్క చెయ్యి కాదు."

ఆయన కొంగ పొట్ట కింద చూపుడువేలు ఆనించాడు. అక్కడినుంచి నీళ్ళదాకా రెండంగుళాల ఖాళీ.

"కాళ్ళు వెయ్యి. పాపం, ఏడు నెలలుగా గాల్లోనే ఉంది."

చిట్టి ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, సన్నని బ్రష్షు ఎంచుకుంది. నలుపు కలిపి, చిత్తుకాగితం మీద రెండుసార్లు గీసి చూసుకుంది. తర్వాత ఊపిరి ఆపి ఒక గీత, పక్కనే, మోకాలి దగ్గర కాస్త విరుపుతో ఇంకో గీత. అవి దిగినచోట తడికి నీళ్ళలో బూడిదరంగు చిన్నగా కదిలింది.

"ఆరడానికి ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"సరే" అని ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని, బోర్డు ముందు కూర్చున్నాడు.