నా మీదుగా ఇంగ్లీషు

మా అక్కా, మా ఆవిడా మాట్లాడుకోవడం మానేసి చాలాకాలమైంది. ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే కుళాయి. అయినా ఒకరికొకరు చెప్పుకోవలసినవన్నీ నా మీదుగానే వెళ్ళాలి. "ఒరేయ్, పాలు పొంగుతున్నాయని మీ ఆవిడకి చెప్పు" అంటుంది అక్క. మా ఆవిడ ఆ పాలగిన్నె పక్కనే నిలబడి ఉంటుంది. నేను చెప్పేదాకా కదలదు. నేను చెప్పేసరికి సగం పాలు పొయ్యి పాలు. కళ్ళజోళ్ళ కొట్లో పొద్దంతా అద్దాలు అరగదీసి వచ్చిన మనిషికి ఇంట్లో మళ్ళీ ఈ కబుర్ల మోత.

దీనంతటికీ కారణం ఒక రేడియో. బావ పోయాక అక్క మా ఇంటికి వచ్చేస్తూ వెంట తెచ్చుకున్న కొద్దిపాటి సామాన్లలో అదొకటి. పలకదు. ముందుగది అలమరలో పై అరలో ఉండేది. అక్క డ్యూటీకి వెళ్ళేముందు రోజూ దాని మీద దుమ్ము తుడిచి వెళ్ళేది. ఒక సెలవురోజు మా ఆవిడ ఇల్లు సర్దుతూ, పలకని రేడియో ఎందుకని పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. సాయంత్రం అక్క వచ్చి ఖాళీ అర చూసింది. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే అన్నాళ్ళూ సాగింది.

ఆ పాతసామాన్లవాడి కోసం నేను తిరగని వీధి లేదు. దొరకలేదు. మా ఆవిడ కూడా ఊరుకోలేదు, నాతో చాలా కబుర్లే పంపింది. "పనికిరాదనుకున్నానని చెప్పండి." "ముందే చెప్పి ఉంటే ముట్టుకునేదాన్నే కాదని చెప్పండి." "నాకేమన్నా కక్షా అని అడగండి." ప్రతి కబురుకీ ఏదో ఒక మెలిక ఉండేది. అక్క అంతా విని, "సరే అన్నానని చెప్పు" అనేది. ఆ అర మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. మా ఆవిడ బడిలో ఇంగ్లీషు చెబుతుంది. దిద్దవలసిన పరీక్ష కాగితాలు కట్టలు కట్టలుగా అలమర కింద, నేల మీదే పడి ఉండేవి. ఆ అరలో పెట్టే ధైర్యం ఆవిడకీ లేదు, నాకూ లేదు.

అక్క ఆసుపత్రిలో దుప్పట్ల గదికి పెద్ద. వార్డులకు వెళ్ళే దుప్పటీ, తువ్వాలూ, ఆపరేషను గౌనూ ఏదైనా ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాలి. అక్కడికి కొత్తగా ఒక మేట్రన్ వచ్చింది. ఆవిడకు మన భాష ముక్క రాదు. ఇంగ్లీషులో చెప్పిన పని అందుకోలేనివాళ్ళు, కిందివాళ్ళకు చెప్పలేనివాళ్ళు గదికి పెద్దగా ఉండటం కుదరదంది. పరీక్ష పెడతానంది. తప్పితే ఇస్త్రీ గదికి పొమ్మంది. అక్కడ పెద్దగా ఉన్నది అక్క దగ్గర పని నేర్చుకున్న పిల్లే.

"దాని ముందు చేతులు కట్టుకుని నిలబడలేనురా. మానేసి ఇంట్లో కూచుంటాను" అంది అక్క.

బావ పోయినప్పుడు మంచం పట్టిన మనిషిని మళ్ళీ లేపి నిలబెట్టింది ఆ గదే. అది పోతే అక్క మాకు దక్కదు.

ఆ మాట మా ఆవిడ వింటూనే ఉంది. అక్క గోడకేసి చూస్తూ, "ఇంగ్లీషు నేర్పుతుందేమో అడుగు" అంది. మా ఆవిడ కిటికీకేసి చూస్తూ, "నేర్పుతానని చెప్పండి" అంది.

అలా మొదలైంది పాఠం. మంచం మీద ఒక దుప్పటి, అటు అక్క, ఇటు మా ఆవిడ, నడుమ నేను.

"పిక్ ఇట్ అప్ అని చెప్పండి."

"పిక్ ఇట్ అప్ అక్కా."

అక్క దుప్పటి తీసింది. పుట్ ఇట్ డౌన్ అంటే పెట్టింది. ఫోల్డ్ ఇట్ అప్ అంటే నా కళ్ళు చెదిరేంత వేగంగా మడత పెట్టింది. చిక్కంతా తను చెప్పాల్సి వచ్చినప్పుడే. "పుట్ అవే ఇట్" అంది.

"అలా కాదని చెప్పండి. వస్తువు పేరు చెబితే ఎటైనా పెట్టొచ్చు. పుట్ అవే ద షీట్ అన్నా సరే, పుట్ ద షీట్ అవే అన్నా సరే. ఇట్ అన్నామంటే మాత్రం అది చివర నిలవదు. ఆ రెండు ముక్కల మధ్యే కూచోవాలి."

"నీలాగన్నమాట" అంది అక్క నాతో. నేను నవ్వలేదు.

"మరి లుక్ ఎట్ ఇట్ అంటారే, అక్కడ చివరికెందుకు పోయిందో అడుగు."

"ఆ ఎట్ వేరే జాతి, దాని తర్వాతే రావాలని చెప్పండి."

"జాతులు కూడా ఉన్నాయా దీన్లో" అని అక్క నిట్టూర్చింది. అయినా పట్టు వదల్లేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ కూడా పుట్ ఇట్ అవే, టేక్ ఇట్ ఔట్ అని గొణుక్కునేది. ఇక ఢోకా లేదనుకున్నాం.

పరీక్ష తప్పింది.

దుప్పట్ల గదిలో మేట్రన్, పక్కన స్టోరు గుమాస్తా, ఎదురుగా అక్క. మేట్రన్ ఒక గౌను చూపించి "పిక్ ఇట్ అప్" అంది. అక్కకు శుభ్రంగా అర్థమైంది. అయినా చెయ్యి కదల్లేదు. ఇంట్లో ఏ మాటైనా నేను మళ్ళీ చెప్పాకే కదా కదిలేది. అలవాటుగా గుమాస్తా మొహంలోకి చూసింది. ఆ మనిషి ఊరుకున్నాడు. మేట్రన్ మళ్ళీ అంది. అక్క గుమాస్తాతో, "తియ్యమంటోందా అని అడుగు" అంది. అంతటితో సరి. వార్డు నర్సులు వెళ్ళి బతిమాలితే, సోమవారం ఇంకోసారి చూస్తానందిట మేట్రన్.

అక్క ఇదంతా నాతో చెబుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. అక్కను తిన్నగా చూసింది. తర్వాత నన్ను చూసి, "మీరు బయటికి వెళ్ళండి" అంది.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా."

వెళ్ళి కిటికీ కింద మెట్ల మీద కూచున్నాను. లోపల చాలాసేపు చప్పుడు లేదు. అన్నాళ్ళ తర్వాత ఎదురుగా నిలబడి తియ్యండి అనాలో, వదినా అని పిలవాలో మా ఆవిడకు తోచి ఉండదు. ఇంగ్లీషులో ఆ బాధ లేదు. పిలుపూ అక్కర్లేదు, గారూ అక్కర్లేదు.

"పిక్ ఇట్ అప్" అంది మా ఆవిడ.

దుప్పటి కదిలిన చప్పుడు వినిపించింది. హమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి వంతు మారింది. ఇప్పుడు చెప్పేది అక్క. "పిక్ ఇట్ అప్. పుట్ ఇట్ డౌన్. పిక్ ఇట్ అప్. పుట్ ఇట్ డౌన్." ఆపదే. మా ఆవిడ రొప్పు కిటికీ దాకా వినిపిస్తోంది. పాత బాకీ తీర్చుకుంటోందని అర్థమైంది కానీ నేను లోపలికి వెళ్ళలేదు. మా ఆవిడా చాలనలేదు.

మళ్ళీ మా ఆవిడ వంతు వచ్చింది. "చిరిగిన దుప్పటైతే ఇలా అంటారు. త్రో ఇట్ అవే."

దుప్పటి విసిరిన చప్పుడు రాలేదు.

"త్రో ఇట్ అవే" అంది మా ఆవిడ మళ్ళీ. ఈసారి గొంతు సన్నగిల్లింది. రేడియో సంగతి తనకూ తట్టినట్టుంది.

"యూ" అంది అక్క. మళ్ళీ, "యూ త్రో ఇట్ అవే" అంది.

ఆ తప్పును మా ఆవిడ దిద్దలేదు. ముందే చెప్పి ఉంటే అంటూ మొదలెడుతుందని చెవులు రిక్కించాను. మొదలెట్టలేదు.

"యెస్. ఐ త్రూ ఇట్ అవే" అంది. అంతే. దానికి ముందూ వెనకా ఏమీ తగిలించలేదు. ఆ తర్వాత, "మిమ్మల్ని అడగాల్సింది వదినా" అంది.

"అడిగితే ఇవ్వననేదాన్ని. అది పలకదని నాకూ తెలుసు. పొద్దున్నే మీ అన్నయ్య ఆ మీట తిప్పేవారు. ఆయన పోయాక, దుమ్ము తుడుస్తూ నేనూ ఓసారి తిప్పి డ్యూటీకి వెళ్ళేదాన్ని. ఇంకేం లేదు."

లోపల ఎవరో ఏడుస్తున్నారు. ఎవరో తెలియలేదు. మెట్ల మీద నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

సోమవారం సాయంత్రం అక్క గుమ్మంలోకి రాగానే, "ఏమైందో అడగమంటోంది" అన్నాను అలవాటు కొద్దీ. అక్క నన్ను దాటుకుని మా ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"నా గది నాకే ఉంచిందమ్మాయ్."

"పిక్ ఇట్ అప్ దగ్గర ఆగలేదు కదా వదినా?"

"ముందే ఆ గుమాస్తాని బయటికి పంపించమన్నాను."

చెప్పులు విప్పి తిన్నగా అలమర దగ్గరికి వెళ్ళింది. నేల మీది పరీక్ష కాగితాల కట్టలు ఎత్తి పై అరలో పెట్టింది.

"ఆ అర అన్నయ్యగారిది కదా వదినా" అంది మా ఆవిడ.

"కింద తడి తగుల్తోంది. ఇక్కడే ఉంచుకో."

మర్నాడు పొద్దున డ్యూటీకి బయల్దేరుతూ అక్క అలమర ముందు ఆగింది. ఆ కాగితాల మీద దుమ్మేమీ లేదు. అయినా ఓసారి తుడిచి వెళ్ళింది.