పట్టుకున్నాక

నేను ఒక మీటరు కడ్డీని. గుడ్డ కొలవడానికి పుట్టిన ఇనుపదాన్ని. కొలతల అధికారి నా కొసల మీద ముద్ర కొట్టాక నరసరావుపేటలో విశ్వనాథంగారి బట్టల కొట్టుకు చేరాను. అక్కడ నన్ను పట్టినవాడు గుమాస్తా రామకోటయ్య.

మెత్తని చెయ్యి అతనిది. నా కొస దాటి బొటనవేలంత వదిలితే గాని కత్తెర పెట్టేవాడు కాదు. "పోనీలెండి, ఉతికితే ముడుచుకుపోద్ది" అనేవాడు. ఆడవాళ్లు అతని కోసమే ఆ కొట్టుకు వచ్చేవారు. యజమాని లోపల పళ్లు నూరినా, బేరాలు పోతాయని ఊరుకునేవారు. లాభం ఉన్నంతకాలం మనుషులు ఎదుటివాడి మంచితనాన్ని బాగానే ఓర్చుకుంటారు.

ఒక ఏడాది మిరపకోతల రోజుల్లో జాకెట్టు ముక్కలు మాయం కాసాగాయి. "కళ్లు ఎక్కడ పెట్టుకున్నావు కోటయ్యా? ఇకమీదట సరుకు తగ్గితే పూచీ నీదే" అన్నారు విశ్వనాథంగారు, నలుగురి ముందూ. రామకోటయ్య తల వంచుకున్నాడు. ఆనాటి నుంచి వచ్చినవాళ్ల ముఖాలు చూడటం మానేసి చేతులు చూడసాగాడు.

ఒక మధ్యాహ్నం పుల్లమ్మ వచ్చింది. కోతలకు పోయే కూలిమనిషి. గోళ్ల సందుల్లో ఇంకా మిరప ఎరుపు ఉంది. తువ్వాలు కొని డబ్బిచ్చింది. వెళ్తూ వెళ్తూ బల్ల మీది ఆకుపచ్చ జాకెట్టు ముక్కను పమిట కిందికి లాక్కుంది. గుమ్మం దగ్గర రామకోటయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ముక్క కింద పడింది.

"తప్పయిపోయిందన్నా, తీసేసుకో" అందామె. పెనుగులాడలేదు, పారిపోనూ లేదు.

అక్కడితో అయిపోవలసింది. పోలీస్ స్టేషన్ పక్క వీధిలోనే ఉంది. "కబురు చేద్దామాండీ?" అని రామకోటయ్య అడిగాడు కూడా.

"స్టేషన్ చుట్టూ ఎవడు తిరుగుతాడు? నాలుగు తగిలించు, మళ్లీ ఈ గుమ్మం తొక్కదు" అన్నారు యజమాని.

చుట్టూ చేరినవాళ్లు అప్పటికే ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఇన్నాళ్లూ పోయిందంతా దీని పనేనన్నారు ఎవరో. ఆ మాటతో రామకోటయ్య బల్ల మీదున్న నన్ను అందుకున్నాడు.

మొదటి దెబ్బకే ఆమె అడ్డుపెట్టిన ముంజేయి విరిగింది. అప్పుడైనా ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. తాను పడ్డ మాటల కసంతా ఆమె మీద తీర్చుకుంటున్నాడు. తలకు తగిలిన దెబ్బతో పుల్లమ్మ కూలబడిపోయింది. ఆమెను స్తంభానికి కట్టేశారు. దాహమంటే నాటకాలన్నారు. ఒకావిడ "పాపం" అని నిట్టూర్చి, జరీ చీరలు చూపించమంది.

సాయంత్రం కట్లు విప్పితే ఆమె పక్కకు ఒరిగిపోయింది. ఆస్పత్రికి తీసుకుపోయారు గాని, మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ గుడ్డ ఎందుకు తీసిందో ఆమెను ఎవరూ అడగనే లేదు.

ఎస్సై వచ్చినప్పుడు విశ్వనాథంగారు ధీమాగానే ఉన్నారు. "దొంగతనం చేసింది సార్. మేమే పట్టుకున్నాం."

"పట్టుకున్నారు, బాగానే ఉంది. వెంటనే మాకు అప్పజెప్పాలి. కట్టేసి కొట్టమని మీకెవరు చెప్పారు?"

"నేను బెదిరించమన్నానంతే. కొట్టింది వీడు" అని యజమాని గుమాస్తాకేసి వేలు చూపించారు. కాని "నాలుగు తగిలించు" అన్న ఆయన మాట ఫోన్లన్నిటిలోనూ స్పష్టంగా ఉంది.

కోర్టులో నన్ను సాక్ష్యంగా బల్ల మీద పెట్టారు. యజమాని తరఫు ప్లీడరుగారు, దొంగను పట్టుకునే హక్కు పౌరుడికి ఉందని చాలాసేపు వాదించారు. తరువాత పుల్లమ్మ భర్త అంజయ్యను బోనెక్కించారు.

"నీ భార్య దొంగతనం చేసిందా, లేదా?"

"చేసిందండి. అందుకేగా పట్టుకుంది" అన్నాడతను. "పట్టుకున్నాక ఇంకెందుకండీ కొట్టటం?"

ప్లీడరుగారు కాగితాలు తిరగేశారు.

యజమానికీ గుమాస్తాకూ శిక్ష పడింది. తీర్పు రోజున రామకోటయ్య భార్య వరండాలో అంజయ్య ఎదుటికి వచ్చి నిలబడింది. అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నేను కోర్టువారి సామాను గదిలో చాన్నాళ్లు తుప్పు పట్టాను. కిందటి వారమే పాత ఇనుము కొనే అతను నన్ను చేత్తో ఎగరేసి చూసి, "గట్టి సరుకు, కరిగిస్తే పనికొస్తది" అన్నాడు. కరిగించి ఏం చేస్తారో నాకు తెలియదు. కిటికీ ఊచగా చేస్తే మేలు. గోడలో బిగిసిపోయి, కోపం వచ్చినవాడి చేతికి ఊడిరాకుండా ఉంటాను.