ఉత్తుత్తి వరద

నేను ఒక నాటు పడవను. గోదావరి ఒడ్డున లక్ష్మోజీ అనే వడ్రంగి టేకు బల్లలు బిగించి, సందుల్లో పీచు కూరి, తారు పూసి నన్ను నీళ్లలోకి తోశాడు. మొదట ఒక రైతు అరటిగెలలు మోశాను. తర్వాత గువ్వలలంకలో చేపలు పట్టే కాసులమ్మ చేతికొచ్చాను. ఆమె నన్ను తిట్టుకుంటూనే గడ వేసేది. నాకది ముద్దుగానే ఉండేది.

ఆ శ్రావణంలో గోదావరి లంక మీదికి ఎక్కింది. తెల్లవారేసరికి ఇళ్ల చూరులదాకా నీళ్లు! కాసులమ్మ కొంగు బిగించి నన్ను విప్పింది. అబ్బ, ఆ పూట నా ఒంట్లో ప్రతి మేకూ అదిరిపోయింది! కొబ్బరిచెట్ల మధ్య సుడులు తప్పించుకుంటూ ఇంటింటికీ పోయాం. చూరు పట్టుకుని వేలాడుతున్న ముసలి సోమాలమ్మ, "నన్నొదిలేసి పోవే, నా బరువుకి నువ్వూ మునిగిపోతావు" అని ఏడిచింది.

"నోర్మూసుకుని ఎక్కత్తా!" అని కాసులమ్మ ఆమెను జబ్బ పట్టి లోపలికి లాగేసింది.

సాయంత్రానికి అందరూ గట్టెక్కారు. ఒక్క ప్రాణమూ పోలేదు.

ఊళ్లో నీళ్లు తగ్గాక ఒక విదేశీ సహాయ సంస్థవాళ్లు బియ్యం, దుప్పట్లు తెచ్చారు. వాటితోపాటు కెమెరా కూడా తెచ్చారు. ఇంగ్రిడ్ అనే తెల్లావిడ నాలోకెక్కి నిలబడింది. ఆమె మాటలు తెలుగులో చెప్పే హిమజ, ఒడ్డున సోమాలమ్మ పక్కన నిలబడ్డ కాసులమ్మతో మెల్లగా అంది: "మీరూ ఈ మామ్మగారూ నీళ్లలోకి దిగి చేతులు చాపండి. మేడమ్ మిమ్మల్ని పైకి లాగుతారు. కాస్త ఏడవాలి కూడా."

మనుషులు పెళ్లి రెండోసారి చేసుకోవడం విన్నాను గానీ, వరద రెండోసారి తెచ్చుకోవడం అప్పుడే చూశాను.

సోమాలమ్మ అప్పటికే చీర పైకి దోపుకుంటోంది. కాసులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"మునిగిపోయేవోళ్లని లాగింది నేనండీ. ఇప్పుడు నన్నే మునగమంటారేంటి?"

హిమజ ఇంగ్లీషులో రెండు ముక్కలు గొణిగింది. ఇంగ్రిడ్ జాలిగా నవ్వి తలాడించింది.

"నేనంత మాటంటే ఇంత పొట్టిగా తేలిందేంటమ్మా?" అని కాసులమ్మ నిలదీసింది. "ఉన్నదున్నట్టు చెప్పు."

ఈసారి హిమజ అంతా చెప్పింది. ఇంగ్రిడ్ మొహం ఎర్రబడింది. సోమాలమ్మ పైకి దోపుకున్న చీరవైపు చూసి, ఏదో అడిగింది.

"మరి నన్నేం చెయ్యమంటారు, అంటున్నారు" అంది హిమజ.

"కూర్చోమను. ఎలా జరిగిందో చూపిత్తాను."

గడ పడింది! పాయలో వరద జోరు ఇంకా తగ్గలేదు. మలుపు దగ్గర సుడి నన్ను గిర్రున తిప్పబోయింది. నీళ్లు ఎగిరి లోపల పడ్డాయి. ఇంగ్రిడ్ నా అంచు పట్టుకుని కెవ్వుమంది. కాసులమ్మ ఆమె ఒళ్లోకి డబ్బా విసిరి, "తోడు! తోడమ్మా!" అని అరిచింది. ఆ మాటకు హిమజ అవసరం పడలేదు. ఇంగ్రిడ్ వంగి తోడింది, జుట్టంతా తడిసి మొహానికి అంటుకునేదాకా తోడింది. నేను సుడి దాటాను. ఒడ్డున జనం ఈలలు వేశారు. నిజం చెప్పొద్దూ, నాకూ వేయాలనిపించింది!

కెమెరాకు దొరికింది ఆ బొమ్మే: గడతో నిలువెత్తున కాసులమ్మ, ఆమె కాళ్ల దగ్గర నీళ్లు తోడుతూ ఇంగ్రిడ్. పై ఆఫీసువాళ్లకది నచ్చలేదట. మార్చడానికి ఇంగ్రిడ్ ఒప్పుకోలేదట.

మరుసటి వేసవిలో ఆమె కెమెరా లేకుండా వచ్చి, ఊరి మీటింగులో వెనక కూర్చుంది. ఏం కావాలో లంకవాళ్లే చెప్పారు. లక్ష్మోజీ చేతనే కొత్త పడవలు చేయించారు. లంక ఆడవాళ్లే వాటికి సరంగులు.

పడవల మీద కొట్టమని ఆఫీసునుంచి సంస్థ పేరున్న పెద్ద చెక్క బోర్డు వచ్చింది. కాసులమ్మ దాన్ని వేలితో తట్టి చూసింది. "గట్టి కర్రేనే" అంది.

ఇప్పుడది నాలో కూర్చునే బల్ల. అక్షరాలు కిందివైపున్నాయి.