తొలి తాంబూలం

నేను ఒక వెండి పళ్ళేన్ని. మ్యూజియంలో అద్దాల బీరువాలో కూర్చోబెట్టి, కింద ‘పూజాపళ్ళెం, కాలం తెలియదు’ అని రాశారు. నన్నడిగితే చెప్పేదాన్ని కదా!

నీలాద్రికోట రాజుల తాంబూలానికి కంసాలి సూరప్ప నన్ను చేశాడు. అంచున చిలకల వరుస చెక్కుతూ ఒకదానికి ముక్కు మరిచిపోయాడు. ఆ బోడి చిలకంటే నాకు భలే ముద్దు.

కుంఫిణీవాళ్ళు రాజుగారిని, భార్యాబిడ్డలతో సహా, చెన్నపట్నానికి పంపేశారు. కోటలో ఆయన అక్క అచ్చియ్యమ్మ ఒక్కతే మిగిలింది. తమ్ముణ్ణి మళ్ళీ గద్దె మీద చూడాలని మన్యం దొరలిద్దరికీ కబురు పెట్టింది. ఆ పొద్దున కోటకు కాపలా ఉన్న కుంఫిణీ సిపాయిలు ఏటి అవతలి సంతకు వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేలోగా తలుపులు మూసేస్తే కోట మనదే. బయట విల్లంబులతో జనం సిద్ధంగా ఉన్నారు.

రాజుల ఇంటి తాంబూలం అందుకోనిదే దొర కత్తి దుయ్యడు. అది ఆచారం. అచ్చియ్యమ్మ నా మీద రెండు ఆకుచుట్టలు పెట్టి తెచ్చింది.

“తీసుకోండి నాయనా.”

సింగన్నదొర చెయ్యి చాపాడు. పోతన్నదొర గొంతు సవరించాడు.

“ఆగు బావా. తొలి తాంబూలం మా ఇంటిది.”

“ఎప్పుడిచ్చారేటి మీ ఇంటికి? మీ తాత మా తాత ఎనకాల గొడుగట్టుకు నడిసినోడు కాదేటి?”

“అది రాజుగారి గొడుగు! మీ తాత దాని నీడన దూరినాడు!”

“ఇద్దరూ ఒకేసారి తియ్యండి” అంది అచ్చియ్యమ్మ.

“కుడిపక్కది ఎవరికమ్మా?” అన్నారిద్దరూ.

ఆమె నన్ను ఇటు తిప్పింది, అటు తిప్పింది. గుండ్రటిదాన్ని, నాకు కుడేమిటి, ఎడమేమిటి! తలా ఒక్క ఆకు! నోట్లో వేసుకుంటే అయిపోయేది.

సిపాయిలు రానే వచ్చారు. దొరల పిలుపు అందని జనం విల్లులు దించుకుని ఇళ్ళకు పోయారు. తాళ్ళతో చేతులు కట్టేసిన దొరలను సుబేదారు అడిగాడు: “మీలో పెద్ద ఎవరు?”

“తొలి తాంబూలం బావదేనండి!”

“అబ్బెబ్బే, ఆరిదేనండి!”

రాజుగారు చెన్నపట్నంలోనే పోయారు. ఆ కబురు విన్నాక అచ్చియ్యమ్మ మళ్ళీ ఆకు ముట్టలేదు.

మొన్న మ్యూజియానికి ఒక కొత్త జంట వచ్చింది. అమ్మాయి మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. చేతిలో ఒకే జామకాయ. “ముందు నువ్వు.” “కాదు, నువ్వే.” నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ మొదలు! ఇంతలో ఆ అమ్మాయి కిలకిలా నవ్వి, కాయను రెండు ముక్కలు చేసి ఒకటి అతని నోట్లో కుక్కింది.

అచ్చియ్యమ్మకు ఈ ఉపాయం తోచలేదే! రెండు చుట్టలు పెట్టే బదులు ఒక్క ఆకునే రెండుగా చింపి ఉంటే...

అయినా, ఏ సగం ముందని అడిగేవాళ్ళేమో.