పోశయ్య హాజర్

మా కంపెనీ మేడలు కడుతుంది. నేను అందులో ముప్పై ఒక్క ఏళ్లు హాజరీ రాశాను. పొద్దున ఏడింటికి పేరు పిలవాలి, మనిషి 'హాజర్' అనాలి, నేను పుస్తకంలో గీత పెట్టాలి. మా ఊరి బడిలో చదివిన ఏడు తరగతులు ఆ పనికి చాలాయి. ప్రతి గీతకూ కూలి, ప్రతి కూలిలోంచీ కొంత కోత. ఆ కోత పింఛన్ ఫండ్‌లో పడేది.

నా భార్య రాజవ్వ పోయి రెండేళ్లయింది. ఆమె ఆస్పత్రిలో ఉన్న మూడు నెలలూ నాకు పింఛన్ రాలేదు. ఫండ్ చూసే నిలేష్‌ను అడిగాను. వాడు మా కామాటిపుర గల్లీలోనే పుట్టినవాడు, మేస్త్రి కొడుకు.

"పెట్టుబడిల ఉంది కాకా. నీకు సమజ్ కాదు," అన్నాడు.

ఆ రోజు ఊరుకున్నాను. మరిచిపోలేదు.

ఈ జనవరిలో నోటీసు వచ్చింది. ఫండ్ మొత్తం యజమాని కొత్త టవర్‌కు అప్పుగా ఇస్తారట. నియమం ప్రకారం సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకుని సంతకం చేయాలి. చేశారని రాశారు. మేమంతా ఉండే చాల్ గదుల్లో ఎవరిని అడిగినా నేను చేయలేదంటే నేను చేయలేదన్నారు. ఆ టవర్ లేవకపోతే మా ముసలివాళ్ల నోట్లో మట్టే. ఫిర్యాదు నేను రాశాను. మొదటి సంతకం రత్నాబాయి పెట్టింది. ఆమె చనిపోయిన ఇంకో మేస్త్రి భార్య, భర్త పింఛన్ తీసుకుంటుంది. నోరు పెద్దది.

ఫండ్ ఆఫీసు నుంచి స్నేహల్ మేడం విచారణకు వచ్చింది. మేం బస్సులు ఎక్కలేమంటే ఫోరస్ రోడ్డు పక్కన మా సంఘం హాల్లోనే కూర్చుంది.

నిలేష్ ఫైలు తెచ్చాడు. "సబ్ బరాబర్ ఉంది, మేడం."

మేడం ఫైలు నాకిచ్చి పేర్లు పైకి చదవమంది. చదివాను.

"ఊరికి పోయిండు," అన్నారు ఒక పేరుకు హాల్లోవాళ్లు.

"గాయన గూడ ఊర్లనే. పదేండ్లాయె."

నాకు అర్థమైంది. నిలేష్ చాల్‌లో ఉన్నవాళ్ల పేర్లు ముట్టుకోలేదు. పాలమూరు పల్లెలకు వెళ్లిపోయి, ఫండ్ అడగడానికి తిరిగి రానివాళ్లను ఏరి పెట్టాడు. వాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో, ఉన్నారో లేరో, ఎవరు వెతికి తెస్తారు? నిలేష్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

నాలుగో పేజీలో ఆగాను. 'పోశయ్య, తండ్రి ఎల్లయ్య.' పక్కన గుండ్రంగా మరాఠీ సంతకం.

పోశయ్య అనే మనిషి లేడు. ఎప్పుడూ లేడు.

ఇరవై ఆరేళ్ల కిందట దుర్గయ్య పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పనిలేని రోజుకు కూలి లేదంది కంపెనీ. నేను హాజరీ పుస్తకంలో ఒక పేరు పెంచాను. ఎనిమిది నెలలు పోశయ్య కూలి దుర్గయ్య ఇంటికి వెళ్లింది. ఇంజనీరు తనిఖీకి వచ్చి పేర్లు పిలిపిస్తే, ఇసుక కుప్ప వెనక ఎవరుంటే వాళ్లు 'హాజర్' అనేవారు. పని మీద ఉన్న అందరికీ తెలుసు. కంపెనీ పోశయ్య కూలిలోంచి కూడా ఫండ్ కోసుకుంది. వాడు ఫండ్ అడగడానికి రాలేదు. ఎలా వస్తాడు?

ఇప్పుడు నిజం చెబితే నేను దొంగ హాజరీ రాసినట్టు ఒప్పుకోవాలి. నా పింఛన్ ఆగిపోవచ్చు. నాకు ఇంకో ఆధారం లేదు. ముందు వరసలో ఉన్న దుర్గయ్య వైపు చూశాను. వద్దని తల అడ్డంగా ఊపాడు.

లేచి నిలబడ్డాను. పని మీద పిలిచినట్టే పిలిచాను.

"పోశయ్యా!"

దుర్గయ్య కర్ర పట్టుకుని లేచాడు.

"హాజర్!" అన్నాడు.

వెనక నుంచి ఇంకొకడు, "హాజర్!" తర్వాత హాలంతా. పళ్లు లేని నోళ్లు, దగ్గే నోళ్లు, అన్నీ. "హాజర్! హాజర్!"

మేడం కంగారుపడింది. "ఇందరిలో పోశయ్య ఎవరు?"

రత్నాబాయి ముందు ఆమెకు మరాఠీలో చెప్పింది. మా కోసం తెలుగులో మళ్లీ చెప్పింది. "వాడు పుట్టనే లేదు, మేడం. గని చూడుండ్రి, దస్తఖత్ మస్తుగ పెట్టిండు!"

నిలేష్ కాలు కిందికి దించాడు. "అంటే నువ్వు కంపెనీని మోసం చేసినవన్నట్టు. రాసిస్తవా, కాకా?"

"కాయితం తే."

అక్కడే రాశాను. ఏ సంవత్సరం, ఎన్ని నెలలు, ఎవరి ఇంటికి. సంతకం, తేదీ పెట్టి మేడం చేతికిచ్చాను.

"నాది నేను ఒప్పుకున్న," అన్నాను నిలేష్‌తో. "ఇగ నీది చెప్పు. ఈ దస్తఖత్ ఎవడు పెట్టిండు?"

వాడు ఫ్యాన్ వైపు చూశాడు.

మేడం ఫైలును తాడుతో కట్టి తన సంచిలో పెట్టుకుంది. అప్పు ఆపమని అక్కడికక్కడే రాసిచ్చింది. నా మీద కూడా విచారణ ఉంటుందంది. ఉండనివ్వండి అన్నాను. ఫండ్ పుస్తకాలు చూడటానికి మాలోంచి ఇద్దరిని ఎన్నుకోమంది.

ఎవరో నా పేరు అరిచారు.

"ఈ పెద్దమనిషి వద్దు!" అంది రత్నాబాయి. "లేని మనిషికి హాజరీ ఏసినోడు, రేపు లేని పైసలకు గూడ ఏస్తడు!"

హాలు పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. రెండేళ్లలో అది మొదటిసారి. ఆమెకూ దుర్గయ్యకూ చేతులెత్తాం. ఎత్తని చెయ్యి ఒక్కటి లేదు.

నిలేష్ నా పక్కకు వచ్చాడు. "కాకా, నా నౌకరి పోతది. పిల్లలున్నరు. మాఫ్ చెయ్యి."

"నాకు పెండ్లాం ఉండె," అన్నాను.

రత్నాబాయి కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. పక్కన దుర్గయ్య. ఆమె అందరికీ చాయ్ చెప్పింది, నిలేష్‌కు తప్ప. వాడి సంచిలో ఉన్న లెక్కల పుస్తకం బల్ల మీద పెట్టించింది.

"మొదటి పేజీ నుంచి చదువు, బిడ్డా. మెల్లగ చదువు. మాకేం తొందర లేదు, రిటైరైనోళ్లం."